చేలలోని సిగ్నలు

తెనాలి జంక్షన్‌లో బాపట్ల పోయే మెయిన్ లైను ఒకటి, రేపల్లె పోయే లైను మరొకటి. మీరెప్పుడైనా రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నారా? వేమూరు, భట్టిప్రోలు వంటి స్టేషన్లలో జనం ఎక్కుతారు, దిగుతారు. నడుమ అంతా వరిచేలే. అయితే స్టేషను ఇంకా రాకముందే చేల మధ్య ఒక సిగ్నలు స్తంభం కనబడుతుంది. దాన్ని గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

మన గుండె సక్రమంగా ముడుచుకోవడానికి తోడ్పడే ప్రోటీన్లలో మయోసిన్ బంధక ప్రోటీన్-సి ఒకటి. దీని జన్యువు ఎం.వై.బి.పి.సి.3 మన 11వ క్రోమోజోము మీద ఉంది. మీ చర్మకణంలోనూ ఈ జన్యువు ఉంటుంది. కాని అక్కడ మూగగా పడి ఉండి, గుండె కండరంలో నోరు విప్పుతుంది. జన్యువు ఇలా పనిలోకి దిగడాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు.

ఈ జన్యువులో 35 ఎక్సాన్లు ఉన్నాయి. వాటి నడుమ ఉన్నవి ఇంట్రాన్లు. కణం ముందుగా మొత్తానికీ ఆర్.ఎన్.ఎ. నకలు తీస్తుంది. తరువాత ఇంట్రాన్లను కత్తిరించి పారేసి, ఎక్సాన్లను వరుసగా అతికిస్తుంది. ఎక్సాన్లు స్టేషన్లయితే, ఇంట్రాన్లు చేలన్న మాట.

2009లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, ఆయన సహచరులు ఒక వింత సంగతి ప్రకటించారు. మన దేశంలో సుమారు నూటికి నలుగురిలో ఈ జన్యువులో 25 క్షారాల జతలు లోపించాయి! గుండె కండరం దెబ్బతిన్న రోగులలో ఈ లోపం మరింత ఎక్కువగా కనబడింది. లోపించినది ఎక్కడనుకున్నారు? 32వ ఇంట్రాన్‌లో!

ఎలాగూ పారేసే ముక్కలో 25 అక్షరాలు పోతే నష్టమేమిటి? ఇక్కడే మన సిగ్నలు గుర్తుకు రావాలి. తరువాతి ఎక్సాన్ ఎక్కడ మొదలవుతుందో కణం పోల్చుకునే గుర్తులు ఇంట్రాన్ చివరి భాగంలో ఉంటాయి. అవి పోతే 33వ ఎక్సాన్ కూడా ఇంట్రాన్లతోపాటు కత్తిరింపులో పోతుంది. బండి స్టేషనులో ఆగకుండా వెళ్ళిపోయింది! దాంతో ప్రోటీన్ తోక మారిపోతుంది.

నూటికి నలుగురంటే యాభైమంది ఉన్న తరగతిలో ఇద్దరు. నేనీ లెక్క చెప్పగానే ఒక కుర్రవాడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కంగారు పడకండి. ఈ లోపం ఉన్నవారిలో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. 2018లో వెలువడిన ఒక పరిశోధన అదే జన్యువులోని మరో మార్పును కూడా అనుమానించింది. కాబట్టి విచారణ ఇంకా ముగియలేదు.

“మరి ఇంత చెడ్డదైతే ఎప్పుడో అంతరించి పోవాలి కదండీ?” అన్నాడు ఆ కుర్రవాడే. మంచి ప్రశ్న! జబ్బు వస్తే సాధారణంగా నడివయసు దాటాక వస్తుంది. అప్పటికే పెళ్ళయి పిల్లలు పుట్టి ఉంటారు. ఆ పిల్లల్లో ఒక్కొక్కరికీ ఈ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. ఇలా చేతులు మారుతూ ఇది సుమారు 33,000 ఏళ్ళుగా వస్తోందని ఆ పరిశోధకుల అంచనా.