రీఫ్ ట్యాంక్‌లో చెయ్యి పట్టని మూలలు: ఏ గ్యాడ్జెట్ ఎక్కడ పనికొస్తుంది?

రీఫ్ ట్యాంక్ ముందు అద్దం తళతళలాడుతుంటే లోపలంతా బాగున్నట్టే అనిపిస్తుంది. కానీ అసలు చెత్త మనకు కనిపించే చోట ఉండదు. రాళ్ల వెనక, ఓవర్‌ఫ్లో బాక్సులో, పంపు లోపల పేరుకుంటుంది. చేపల మలం, మిగిలిపోయిన మేత అక్కడ మడ్డిలా చేరి కుళ్లితే నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతాయి. పాకుడు బలుస్తుంది, పగడాలు నీరసిస్తాయి. అందుకే ఈసారి ఆ మూలల్ని ఏ సాధనంతో శుభ్రం చేయాలో చూద్దాం.

ముందు కరెంటు సంగతి

మామూలు నీళ్లకంటే ఉప్పునీళ్లలో కరెంటు చాలా బాగా పారుతుంది. చెయ్యి పెట్టేముందు హీటర్, పంపులు, లైట్లు అన్నిటి ప్లగ్గులూ పీకెయ్యండి, స్విచ్ ఆపితే చాలదు. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేలా వదలండి. వైరు మీదుగా జారిన చుక్క సాకెట్లోకి పోకుండా కిందే రాలిపోతుంది. ఆ లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే.

1. ఎండోస్కోప్ కెమెరా

మురికి ఎక్కడుందో చూడకుండా గీకడం అంటే బగ్ ఎక్కడుందో తెలీకుండా కోడ్ మార్చడమే. ఫోన్ టైప్-సి పోర్టుకి పెట్టుకునే సన్నటి ఎండోస్కోప్ కెమెరా ఇక్కడ బాగా పనికొస్తుంది. చుట్టూ ఎల్‌ఈడీలు ఉంటాయి కాబట్టి రాళ్ల సందుల్లో కూడా కనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఐపీ67 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు అని లెక్క, కానీ ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు. కాబట్టి వాడిన వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. కెమెరా నీళ్లలో ఉన్నంతసేపూ దాన్ని పెట్టిన ఫోన్ చార్జింగ్‌లో ఉండకూడదు.

2. రాళ్ల వెనక మడ్డి

దీనికి వంటసామాన్లలో దొరికే టర్కీ బేస్టర్ చాలు. ఇంకు ఫిల్లర్‌కి పెద్దన్న లాంటిది. రబ్బరు బల్బు నొక్కి సందుల్లోకి నీటి ధార కొడితే మడ్డి పైకి లేస్తుంది. చెయ్యి బయటికి తీశాక వెంటనే పంపులు ఆన్ చేస్తే చాలావరకు ఫిల్టర్ పట్టేస్తుంది. మిగతాది నీళ్లు మార్చేటప్పుడు గొట్టంతో లాగెయ్యొచ్చు. ఒకసారికి ఒక పక్క మాత్రమే చేయండి. లోతైన పాత ఇసుకని ఒక్కసారిగా కెలకొద్దు, అడుగున చేరిన విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ నీళ్లలో కలిసే ప్రమాదం ఉంది.

3. అద్దం మూలలు

మాగ్నెట్ క్లీనర్ కొనేముందు మీ అద్దం మందం చూసుకోండి, సరిపడనిది కొంటే లోపలి ముక్క ఊడిపోతుంది. ఇసుక దగ్గర దాన్ని వాడొద్దు, మధ్యలో ఒక్క రేణువు ఇరుక్కున్నా గీత పడుతుంది. కోరలైన్ అనే గులాబీ రంగు పొర సున్నంలా గట్టిది, దానికి పొడవాటి కాడకి బిగించిన స్టీల్ బ్లేడ్ కావాలి. అదీ గాజుకి మాత్రమే. అక్రిలిక్ ట్యాంకుకి ప్లాస్టిక్ బ్లేడే వాడాలి.

4. ఓవర్‌ఫ్లో, పంపులు

ఓవర్‌ఫ్లో పళ్లలో నాచో నత్తో అడ్డుపడితే నీళ్లు కిందికి దిగక ట్యాంకు పొర్లుతుంది. అక్కడికి సీసాలు కడిగే బ్రష్, పైపులకి వంగే పొడవాటి బ్రష్ వాడండి. పంపు విప్పి, సగం తెల్ల వెనిగర్, సగం నీళ్లలో గంట నానబెడితే సున్నం కరుగుతుంది. తర్వాత ఇంపెల్లర్‌ని పాత టూత్‌బ్రష్‌తో తోమి బాగా కడగండి. వెనిగర్‌లో బ్లీచ్ మాత్రం కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. సబ్బు అసలే వద్దు.

అన్నిటికంటే ప్రమాదం: జోవాంథిడ్‌లు

రంగురంగుల బొత్తాల్లా ఉండే ఈ జాతిలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. దానికి విరుగుడు మందు లేదు. 2012–14 మధ్య అలాస్కాలో అక్వేరియం షాపుల్లో, ఇళ్లలో ఇవి ఉన్న చోట గాలి పీల్చి జనం జబ్బుపడ్డట్టు అమెరికా సీడీసీ 2015లో నివేదించింది. కాబట్టి ఇవి ఉన్న రాయిని ఉడకబెట్టొద్దు, వేడినీళ్లతోనూ ప్రెషర్ వాషర్‌తోనూ కడగొద్దు, పొడిగా ఉన్నప్పుడు తోమొద్దు. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

మరి ఏది ముందు కొనాలి?

నన్నడిగితే వరస ఇదీ: ఆర్‌సీసీబీ, గ్లవ్స్, కళ్లద్దాలు, తర్వాత బేస్టర్, బ్రష్‌లు, అప్పుడు మాగ్నెట్, ఆఖర్న కెమెరా. ప్రతివారం అదే మూలలో మడ్డి చేరుతుంటే కొత్త గ్యాడ్జెట్ కొనకండి. అక్కడికి నీటి ప్రవాహం అందట్లేదని అర్థం. వేవ్‌మేకర్ ముఖం కాస్త అటు తిప్పి ఒక వారం చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.