ఖజానాయు బ్యాంకును

రాజ్యపు ఆదాయవ్యయముల ముచ్చట స్త్రీల కెందులకని కొందఱందురు. ఇంటిఖర్చులో మిగిల్చి మనము బ్యాంకులో దాచుకొను రూపాయ లెచ్చటికిఁ బోవుచున్నవో యెఱుఁగవలసినది మనము గాక మఱెవ్వరు?

ఆ సొమ్ము పెట్టెలో నుండదు. కొంత వర్తకులకును పరిశ్రమలకును అప్పుగాఁ బోవును. కొంత ప్రభుత్వమునకే అప్పగును. కావున ఖజానాయు బ్యాంకును ఒకే యింటి తోడికోడండ్రవంటివి. ఒకరి తబ్బిబ్బు రెండవవారికిఁ దగులక మానదు.

2004 మొదలు కొన్నియేండ్లు మంచికాలము. బ్యాంకు లిచ్చు అప్పులు ఏటేట నూటికి ఇంచుమించు 30 వంతునఁ బెరిగెను. విద్యుత్కేంద్రములు, రహదారులు, ఉక్కు కర్మాగారములు అడిగినంత పొందినవి. వ్యాపారము పెరుగఁగాఁ బన్నులును పెరిగి, కేంద్రప్రభుత్వపు లోటు 2007-08లో దేశోత్పత్తిలో నూటికి 2.5కు దిగెను. కలిమినాఁడు అప్పిచ్చువానికిఁ గాని పుచ్చుకొనువానికిఁ గాని రేపటి చింత యుండదు గదా!

2008లో అమెరికానుండి సంక్షోభము వచ్చిపడెను. సర్కారు పన్నులు తగ్గించి, వ్యయము హెచ్చించి వ్యాపారమును నిలువఁబెట్టెను. ఆ యేఁడే లోటు 6కు మించుమించుగా నెక్కెను. ఆ పని అవసరమే యని నా తలంపు. కాని ఆ యూఁతను నమ్మి బ్యాంకులు, ముఖ్యముగా ప్రభుత్వ బ్యాంకులు, పాత బాకీదారులకే క్రొత్త యప్పులిచ్చి గడువులు పొడిగించినవి. ఇది పొరుగింట బియ్యము బదులుతెచ్చి వెనుకింటి బదులు తీర్చుటయే.

2015లో రఘురామ రాజన్ గవర్నరుగా నుండఁగా రిజర్వు బ్యాంకు ఆ లెక్కలు విప్పించెను. 2018 మార్చినాఁటికి నూటికి సుమారు 11 రూపాయలు మొండిబాకీ యని తేలెను. చేయికాలిన బ్యాంకులు యోగ్యుఁడగు వర్తకునికిని అప్పీయ వెఱచినవి. అప్పు లేనిదే కర్మాగారము సాగదు. అది సాగనిదే పన్ను రాదు.

2017 అక్టోబరులో ప్రభుత్వము తన బ్యాంకులకు 2,11,000 కోట్ల మూలధనము చేకూర్తునని ప్రకటించెను. అందు 1,35,000 కోట్లకు వింతయైన దారి పన్నిరి. ప్రభుత్వము వ్రాసిచ్చిన ఋణపత్రములను బ్యాంకులు డిపాజిట్ల సొమ్ముతోఁ గొనును. ఆ సొమ్మునే ప్రభుత్వము వాటాధనముగా మరల బ్యాంకుల కిచ్చును. రొక్కము కదలినట్లే తోఁచదు. కాని వడ్డీ యేటేట ఖజానా చెల్లింపవలయును. మనము సబ్బుబిళ్ళ కొన్నపు డిచ్చు పన్నును ఆ ఖజానాలోనిదే.

కొన్ని వసూలై, పెక్కు కొట్టివేయఁబడి, 2024 మార్చినాఁటికి మొండిబాకీలు నూటికి 2.8కి తగ్గినవి. అప్పులు మరల జోరందుకొనెను. ఈ మాఱు అడిగినవారిలోఁ బెక్కురు గృహస్థులే. తాకట్టులేని యిట్టి యప్పులకు బ్యాంకులు హెచ్చు మూలధనము నుంచవలెనని 2023 నవంబరులోనే రిజర్వు బ్యాంకు కట్టడి చేసినది.