ఎర్రసిరా

నల్లగొండలో పదహారేళ్ళుగా కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఇన్నేళ్ళలో ఎంత ఎర్రసిరా ఖర్చుపెట్టానో లెక్క లేదు. తప్పులు దిద్దడం పుణ్యకార్యమనే నమ్మకంతోనే ఖర్చుపెట్టాను. ఆ నమ్మకానికి యీమధ్య చిన్న దెబ్బ తగిలింది.

"మరపురాని రోజు" అని వ్యాసం రాయమన్నాను. దేవరకొండ వైపు పల్లెనుంచి వచ్చే ఒకమ్మాయి తన నాయనమ్మ జబ్బు సంగతి రాసింది. పొద్దుగాలనే తొవ్వవెంట మెల్లగా నడిపించి బస్సెక్కించడం, దవాఖానలో ఆమె చెయ్యి వదలకుండా కూర్చోవడం, ఇల్లు చేరాక మర్నాడు తాను కాలేజీకి బయలుదేరుతుంటే ముసలమ్మ మంచంలోనుంచే "పైలం బిడ్డా" అనడం - చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. అయితేనేం, చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? 'పొద్దుగాల' కొట్టేసి ఉదయం, 'తొవ్వ' కొట్టేసి దారి, 'దవాఖాన' కొట్టేసి ఆసుపత్రి, 'పైలం' కొట్టేసి జాగ్రత్త అని రాసి, పదికి అయిదు వేశాను.

మరుసటి నెల ఆ అమ్మాయే ఇంకో వ్యాసం రాసింది. ఒక్క తప్పు లేదు. ప్రాణమున్న మాట కూడా ఒక్కటి లేదు. ఎర్రసిరాకు పని లేకపోయింది గాని నా మనసులో ఏదో గుచ్చుకుంది.

ఆ రాత్రి కూర్చుని, నేను కొట్టేసిన మాటలను ఒక్కొక్కటే పలకరించాను. కావ్యాల్లోని త్రోవే జనం నోట తొవ్వ అయింది. పదిలమే పైలం అయింది. పద్యంలో ఉంటే సొగసు, ముసలమ్మ నోట ఉంటే మోటు! ఇక దవాఖాన ఉందే, అది నిజంగా పరాయిదే. 'దవా' అరబ్బీ, 'ఖానా' పారసీ. నిజాం రాజ్యంలో 1948 దాకా ఉర్దూ రాజభాష గనుక ఆ మాట మా ఇళ్ళలోకి వచ్చి స్థిరపడింది. నేను పుట్టింది దవాఖానలోనే. మా అమ్మ పోయిందీ దవాఖానలోనే. కాని దాన్ని లేపి ఆ పీటమీద నేను కూర్చోబెట్టిన ఆసుపత్రి మాత్రం ఎక్కడిది? అచ్చంగా హాస్పిటలే, తెలుగు వేషం కట్టింది! కాగితం, జవాబు, హాజరు, జిల్లా కూడా అరబ్బీ పారసీల సొత్తే. రోజూ హాజరు పిలుస్తాను, జవాబులు రాయిస్తాను. వాటిమీద నా కలం ఎన్నడూ లేవలేదు.

తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కనబెట్టి మామూలు జనం తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రకెక్కించింది కూడా ఆయనే. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకిచ్చిన మొదటి బహుమతి ఆ పుస్తకానికే దక్కింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళయింది. యీ సంగతులు పాఠంలో గర్వంగానే చెబుతాను. పేపర్లు దిద్దేటప్పుడే మరచిపోతాను!

అలాగని పరీక్షలో ఎవరి నోటికొచ్చినట్టు వారు రాయవచ్చునని నేననడం లేదు. దరఖాస్తు భాష వేరు, నాయనమ్మ మాట వేరు. (దరఖాస్తు కూడా పారసీయే సుమండీ!) ఏది ఎక్కడ వాడాలో చెప్పడం నా పని. నాయనమ్మ మాట తప్పని చెప్పడం నా పని కాదు.

ఆ అమ్మాయిని పిలిచి పాత వ్యాసం మళ్ళీ చూపించమన్నాను. తల వంచుకుంది.

"చింపేసిన సార్. ఎర్రగీతలన్నీ నాయనమ్మ మాటలమీదనే ఉన్నయి."

కాసేపు నాకు మాట రాలేదు. "మళ్ళీ రాయమ్మా" అన్నాను చివరికి.

"ఎట్ల రాయాలె సార్? తొవ్వ అనాల్నా, దారి అనాల్నా?"

"మీ నాయనమ్మ ఏమంటుందో అదే రాయి."

ఆ వ్యాసం ఇంకా నా చేతికి రాలేదు. ఎదురుచూస్తున్నాను. ఈసారి కలంలో నల్లసిరా పోసి ఉంచాను.