460 ప్రశ్నలు, ఒక్క మాటా లేదు

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి సర్కారు బడిలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్ కావాలంటే మూడు పరీక్షలు దాటాలి. బీఈడీ సీటు కోసం ఎడ్‌సెట్: 150 ప్రశ్నలు, 2 గంటలు. తర్వాత టెట్: 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. చివర డీఎస్సీ: 2024లో జరిగిన పద్ధతి ప్రకారం 160 ప్రశ్నలు, రెండున్నర గంటలు. కలిపితే 460 ప్రశ్నలు, 7 గంటలు. అన్నీ ఆబ్జెక్టివే. ఈ 7 గంటల్లో ఆమె ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం పలకనక్కర్లేదు, ఒక్క వాక్యం సొంతంగా రాయనక్కర్లేదు, ఎదుటివాళ్ల మాట విని జవాబు చెప్పనక్కర్లేదు.

ఆ 460లో ఇంగ్లిష్ వాటా ఎంతో చూద్దాం. ఎడ్‌సెట్‌లో జనరల్ ఇంగ్లిష్‌కు 20 ప్రశ్నలు. టెట్ రెండో పేపరులో ఇంగ్లిష్‌కు 30. అయితే ఆమె ఇంగ్లిష్ టీచరే కాబోతున్నా సరే, సోషల్ గానీ గణితం-సైన్సు గానీ ఎంచుకుని 60 ప్రశ్నలు రాయాల్సిందే. డీఎస్సీలో మాత్రం ఇంగ్లిష్ కంటెంట్‌కు 88, మెథడాలజీకి 32. అంటే 460లో 170 ఇంగ్లిష్‌వి. వాటిలోనూ ‘ఇంగ్లిష్ ఎలా చెప్పాలి’ అని అడిగేవి టెట్‌లో 6, డీఎస్సీలో 32, మొత్తం 38. నూటికి 9 కూడా కావు.

పరీక్ష రాసే పిల్లల తప్పు ఇందులో లేదు. పరీక్ష దేన్ని అడిగితే కోచింగ్ సెంటర్ దాన్నే నేర్పుతుంది. యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్, ప్రిపొజిషన్లు, సిననిమ్స్. పొద్దున్నుంచి రాత్రిదాకా బిట్లు చదివి ఉద్యోగం కొట్టిన మనిషి మొదటిరోజు క్లాసులోకి వెళ్లి నిలబడితే ఎదురుగా 40 మంది పిల్లలుంటారు. వాళ్లు బిట్లు కారు.

మరి బీఈడీ ఏం చేస్తోంది? జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం బీఈడీ రెండేళ్లయింది. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలి. ఏటా 100 మందిని చేర్చుకునే కాలేజీలో ప్రిన్సిపాల్‌తో కలిపి 16 మంది అధ్యాపకులుండాలి. వాళ్లలో బోధనా పద్ధతులు చెప్పేవాళ్లు 8 మంది. గణితం, సైన్సు, సోషల్, భాషలు అన్నీ ఆ 8 మందిలోనే సర్దుకోవాలి. నిబంధన కాగితం మీద బాగానే ఉంది. నన్ను తొలిచే లెక్క వేరే. ఆ 20 వారాల్లో ఆమె సొంతంగా చెప్పిన ఇంగ్లిష్ పాఠాలెన్ని? వాటిలో వెనక బెంచీలో ఇంగ్లిష్ తెలిసిన లెక్చరర్ కూర్చుని చూసినవెన్ని? రికార్డులో లెసన్ ప్లాన్లు చక్కగా రాసి, అట్టవేసి, సంతకం పెట్టించుకోవడం ఒకటి. పాఠం అయ్యాక ‘నువ్వు నలభై నిమిషాల్లో ముప్ఫై నిమిషాలు నువ్వే మాట్లాడావమ్మా’ అని ఒకరు చెప్పడం ఇంకొకటి.

పోలికకు కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా అనే ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోర్సును చూడండి. మొత్తం 120 గంటలే. కానీ అందులో 6 గంటలు అభ్యర్థి నిజమైన క్లాసుకు పాఠం చెప్పాలి, శిక్షకులు కూర్చుని మార్కులేస్తారు. మరో 6 గంటలు అనుభవం ఉన్న టీచర్లు చెబుతుంటే చూడాలి. మన రెండేళ్ల బీఈడీ ముందు అది ఆవగింజంత. అయినా ఆ 6 గంటలు లెక్క తప్పవు.

ఆ ‘ముప్ఫై నిమిషాల’ సంగతి కొంచెం నిలబడి చూడాలి. పీరియడ్ 40 నిమిషాలు, పిల్లలు 40 మంది అనుకోండి. సార్ నోరే విప్పకుండా ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే తలా ఒక నిమిషం. సార్ ముప్ఫై నిమిషాలు మాట్లాడితే తలా 15 సెకన్లు. పేరు, ఊరు చెప్పేసరికే అయిపోతుంది. అదే 20 నిమిషాలు ఇద్దరిద్దరిని ఒకరికొకరు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే తలా 10 నిమిషాలు. అదే గది, అదే సారు, అదే పీరియడ్. 15 సెకన్లు 10 నిమిషాలైంది, అంటే 40 రెట్లు. టీచరుకు నేర్పాల్సిన విద్యలో సగం ఇదే: గోల కాకుండా, దారి తప్పకుండా 20 జంటల్ని ఒకేసారి ఎలా మాట్లాడించాలో.

కోదాడ బస్టాండు మీద ఒక పాఠం ఇలా ఉండొచ్చు. టీచరు రెండు రకాల చీటీలు రాస్తారు. ఒకదానిలో కోదాడలో ఐదు బస్సులు బయల్దేరే టైములు, రెండోదానిలో అవే బస్సులు మిర్యాలగూడ చేరే టైములు. ‘పది గంటలకల్లా మిర్యాలగూడలో ఉండాలి, ఏ బస్సెక్కాలి?’ అన్నది ప్రశ్న. ఎదుటివాళ్ల చీటీ చూడకూడదు, అడగాలి. ‘వాట్ టైమ్ డజ్ ద సెకండ్ బస్ రీచ్ మిర్యాలగూడ?’ అని అడిగితే తప్ప జవాబు దొరకదు. హుజూర్‌నగర్ మీదుగా రోజూ వెళ్లే పిల్లాడికి ఈ లెక్క కొత్త కాదు; కొత్తదల్లా భాష ఒక్కటే. దీనికి ప్రొజెక్టరు అక్కర్లేదు, 40 చీటీలు చాలు.

పని ఇచ్చి, ఆ పనిలోంచి భాష రానివ్వాలన్న ఆలోచన పరాయిది కాదు. బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో నడిపిన ప్రాజెక్టులో రైలు టైంటేబుళ్లు, మ్యాపులు పెట్టే పిల్లలకు ఇంగ్లిష్ నేర్పారు. 1987లో ఆయన రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా ఇంగ్లిష్ టీచర్ల శిక్షణలో చదువుతోంది. పిల్లల్ని జంటలుగా మాట్లాడించడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయని ఆయన భయం. అక్కడ నేను ఆయన్ని అనుసరించలేను. ఇంటి దగ్గరా వీధిలోనా ఇంగ్లిష్ వినబడని పిల్లలకు తప్పుగానైనా 10 నిమిషాలు మాట్లాడడమే మేలు.

తప్పు ఎందుకొస్తుందో తెలిసిన టీచరుంటే ఆ తప్పు భయపెట్టదు. మన తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్ మన నోట బస్సవుతుంది, బుక్ బుక్కవుతుంది. మనకు ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ లేవు కనుక పిల్లాడు వాటిని మింగేస్తాడు. మనకు ఆకలి ‘వేస్తుంది’, జ్వరం ‘వస్తుంది’. ‘ఐ యామ్ హంగ్రీ’ అనడానికి ముందు వాడు లోపల వాక్యాన్నంతా తిరగేసుకోవాలి. ఇది చెప్పగలిగేది తెలుగు తెలిసిన ఇంగ్లిష్ టీచరే. లండన్ నుంచి వచ్చిన మనిషికి కూడా చేతకాదు.

అలాంటి శిక్షణకు చోటు మనకు దూరంగా లేదు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టిందే టీచర్ల కోసం. అదే 1972లో సీఫెల్, 2007లో ఇఫ్లూ అయింది. సూర్యాపేట నుంచి దాదాపు 135 కిలోమీటర్లు. ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్, పీజీ డిప్లొమా కోర్సులకు ఆ సంస్థ పెట్టింది పేరు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు బెంగళూరులో 1963లో మొదలైన దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లిష్ సంస్థ 30 రోజుల కోర్సు నడుపుతుంది.

కానీ పిల్లల చెవిన మొదటి ఇంగ్లిష్ మాట వేసేది చాలావరకు ఈ కోర్సులు చేసినవాళ్లు కాదు. 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 6,508 ఎస్జీటీలవి, అంటే నూటికి 59. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈడీ చేసి, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని సబ్జెక్టులూ చెప్పేవాళ్లు వీళ్లు. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలొచ్చాయి. ఆ రోజు నుంచి గణితం సారూ, సైన్సు టీచరమ్మా కూడా ఇంగ్లిష్ టీచర్లే.

ఈ ఏడాది బీఈడీలో చేరబోతున్న అమ్మాయి కాలేజీకి వెళ్లి ఫీజు ఎంతని అడిగే ముందు సీనియర్లను రెండు అడగాలి. 20 వారాల్లో మీరు చెప్పిన ఇంగ్లిష్ పాఠాలెన్ని? అందులో వెనక బెంచీలో లెక్చరర్ కూర్చున్నవెన్ని?