వీధిపత్రం – సాహిత్య చరిత్ర: మెక్సికో బొమ్మల పత్రాలు, విశాఖ కరపత్రం

వ్యాస సంగ్రహం:
ఒకే కాగితంపై అచ్చయి, చేతులు మారి, కొద్దిరోజుల్లో కనుమరుగయ్యే వీధిపత్రం సాహిత్య చరిత్రకు ఎంతవరకు ఆధారమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మెక్సికో బొమ్మల పత్రాల స్వరూపాన్ని వివరించి, దాని వెలుగులో తెలుగు కథాగాన సంప్రదాయాన్ని, 1970 నాటి విశాఖ కరపత్రాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: వీధిపత్రం, కరపత్రం, కొరీదో, పొసాదా, జముకుల కథ, విశాఖపట్నం.

1. మెక్సికో వీధిపత్రం
స్పానిష్ భాషలో ఈ పత్రానికి 'ఎగిరే ఆకు' అనే అర్థం వచ్చే పేరుంది. 1880లో మెక్సికో నగరంలో ఆంతోనియో వనేగాస్ అర్రోయో స్థాపించిన ముద్రణాలయం వీటికి ప్రధాన కేంద్రమైంది. హత్యలు, వరదలు, ఉరిశిక్షలు, అద్భుతాలు, ఎన్నికలు మొదలైనవన్నీ వీటికి వస్తువులే. పలుచని చవక కాగితంపై పైభాగాన బొమ్మ, కింద పద్యం లేదా వార్త ఉండేవి. వీధుల్లో, సంతల్లో స్వల్ప ధరకు అమ్మేవారు. చదువురానివారికి బొమ్మ విషయాన్ని సూచిస్తే, గాయకుని గొంతు మిగిలినదాన్ని అందించేది.

ఈ బొమ్మల ప్రధాన శిల్పి హోసే గ్వాదలూపే పొసాదా (1852–1913). నవంబరు తొలి రెండు రోజుల్లో జరిగే మృతుల పండుగ కోసం ఆయన చెక్కిన పుర్రెల బొమ్మలు ప్రసిద్ధాలు. ధనికుడు, పేద, అధికారి అందరూ అక్కడ అస్థిపంజరాలే. మరణం ముందు అందరూ సమానులనే భావం అందులో సామాజిక వ్యంగ్యంగా మారింది. పొసాదా మాత్రం పేదరికంలోనే మరణించాడు. 1920లలో జాన్ షార్లో వంటి చిత్రకారులు గుర్తించిన తరువాతే ఆయనకు కళాచరిత్రలో స్థానం దక్కింది.

2. అచ్చు పద్ధతి – అర్థం
బొమ్మ, మాట ఒకే పత్రంపై చేరడానికి సాంకేతిక కారణం ఉంది. పొసాదా సీసపు మిశ్రలోహంపై చెక్కాడు. జింకు పలకపై ఆమ్లంతో ఉబ్బెత్తు బొమ్మలనూ తయారుచేశాడు. ఉబ్బెత్తు అచ్చును సీసపు అక్షరాల ఎత్తుకు అమర్చితే రెండూ ఒకే ఒత్తుతో అచ్చవుతాయి. రాతి అచ్చుకు వేరే యంత్రం కావాలి. కనుక చవకదనానికీ, బొమ్మా మాటా కలయికకూ మూలం ఒకటే. పైగా పాత దిమ్మెను కొత్త వార్తకు మళ్లీ వాడుకునే వీలుండేది.

3. తెలుగునాట బొమ్మ, మాట
ఈ పత్రాలపై అచ్చయిన కొరీదో అనే కథాగేయం సాధారణంగా ఎనిమిది అక్షరాల పాదాలతో సాగుతుంది. సంఘటన జరిగిన తేదీని, ఊరిని, వ్యక్తి పేరును చెబుతుంది. శ్రోతల వద్ద సెలవు తీసుకొని ముగుస్తుంది. సర్వాయి పాపడి కథ, బొబ్బిలి కథ వంటి తెలుగు వీరగాథలు దీనికి సన్నిహితమైనవి. వాటిలోనూ స్థానిక వీరుడు, అధికారంతో ఘర్షణ, జనస్మృతి ప్రధానాంశాలు.

అయితే ఒక భేదం గమనార్హం. తెలుగునాట బొమ్మ కథతో కలిసింది ప్రధానంగా ప్రదర్శనలో. చేర్యాల నకాషీ పటాన్ని విప్పి కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడం ఇందుకు నిదర్శనం. అక్కడ బొమ్మ బట్టమీద ఉంటుంది, మాట గాయకుని నోట ఉంటుంది. అచ్చు వచ్చాక రవివర్మ చిత్రాలు రాతి అచ్చులో గోడకెక్కాయి. కథాగేయాలు అక్షరాల అచ్చులో చిన్న పుస్తకాలయ్యాయి. మెక్సికోలో ఒకే పత్రంపై కలిసినవి ఇక్కడ రెండు దారులు పట్టాయి.

ముద్రణ చిత్రకళలో తెలుగువారు వెనుకబడలేదు. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018) పారిస్‌లోని అతెలియే 17లో సిరాల చిక్కదనపు తేడాలతో ఒకే పలకపై పలు రంగులు అచ్చువేసే పద్ధతిని అభివృద్ధి చేసిన వారిలో ముఖ్యుడు. లక్ష్మాగౌడ్ చిత్రాలూ సుప్రసిద్ధం. కాని ఈ కృషి ప్రధానంగా ప్రదర్శనశాలకు చేరింది. మెక్సికోలో 1937లో లియోపోల్దో మెందేజ్ తదితరులు స్థాపించిన ప్రజా ముద్రణ కళాశాల మాత్రం పొసాదా వారసత్వాన్ని గోడపత్రాలుగా, కరపత్రాలుగా మళ్లీ వీధికి తెచ్చింది.

4. విశాఖ కరపత్రం
బొమ్మ లేకపోయినా వీధిపత్రం సాహిత్య గమనాన్ని ఎలా మార్చగలదో విశాఖపట్నం చూపింది. 1970 ఫిబ్రవరిలో ఈ నగరంలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఉత్సవం జరిగింది. శ్రీకాకుళ గిరిజన పోరాటం సాగుతున్న కాలమది. ఉత్తరాంధ్ర జముకుల కథను పోరాట గానంగా మలచిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులోనే మరణించాడు. ఆ సందర్భంలో రచయితలు ఎటువైపు నిలుస్తారని నిలదీస్తూ విశాఖ విద్యార్థుల పేరిట ఒక కరపత్రం వెలువడింది. అదే ఏడాది జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది, శ్రీశ్రీ అధ్యక్షుడయ్యాడు. సంఘ ఆవిర్భావానికి ఆ కరపత్రమొక్కటే కారణం కాదు. కాని ఆ చర్చకు పదునుపెట్టింది గ్రంథమో, పత్రికా వ్యాసమో కాదు, ఒక పలుచని కాగితం.

5. పరిశోధనావశ్యకత
వీధిపత్రం మన్నేందుకు పుట్టదు. ఆ రోజు పని పూర్తయితే దాని ఆయువు తీరుతుంది. పొసాదా పత్రాలు నేడు లభిస్తున్నాయంటే సేకర్తలు, గ్రంథాలయాలు వాటిని భద్రపరచడమే కారణం. తెలుగు కరపత్రం ఎక్కువగా జ్ఞాపకాల్లో, పునర్ముద్రణల్లో మిగులుతుంది. పునర్ముద్రణ పాఠాన్ని కాపాడుతుంది గాని కాగితం, అక్షరాల పరిమాణం, ముద్రణాలయం పేరు వంటి సాక్ష్యాలను కాపాడదు. ద్వారకా నగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయం వంటి సంస్థలు, విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు కలిసి సభాపత్రాలను, పాటల ప్రతులను, కరపత్రాలను మూలరూపంలో సేకరించి, తేదీ, స్థలం, ముద్రణాలయ వివరాలతో పట్టిక చేయడం అవసరం.

ముగింపు:
1. బొమ్మా మాటా ఒకే ఒత్తుతో అచ్చు కాగలగడం మెక్సికో పత్రాన్ని చవకగా, జనసన్నిహితంగా నిలిపింది.
2. తెలుగునాట ఆ కలయిక ముద్రణలో కంటే ప్రదర్శనలో బలంగా కనిపిస్తుంది.
3. సాహిత్య చరిత్రలో మలుపును వివరించడానికి కరపత్రం ప్రాథమిక ఆధారం. మూలప్రతి నశిస్తే ఆ మలుపు గురించి మిగిలేది కథనమే.