మురుగునీటి దారి

ఒక పట్టణంలో నల్లా నీరు ఒక్క పూట రాకపోతే ఆ సంగతి గడియలోనే వీధి వీధికీ తెలుస్తుంది. వాడిన నీరు ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న మాత్రం, అది తిరిగి ఇంటి ముంగిటికి వచ్చిన నాడే పుడుతుంది.

2016లో గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం, మనిషికి రోజుకు గ్రామాలలో 100 లీటర్లు, పురపాలక పట్టణాలలో 135 లీటర్ల నీరు అందించాలని సంకల్పించింది. ఇంటికి చేరిన నీటిలో దాదాపు 80 శాతం మురుగునీరై బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్కగడతారు. అంటే నీరు పెరిగిన కొద్దీ మురుగూ పెరుగుతుంది. పురాణంలోని భగీరథుడు గంగను భువికి దించి ఊరకుండలేదు. ముందు నడిచి సాగరం దాకా దారి చూపాడు. ఆ కథలోని రెండవ సగాన్ని పట్టణాలు తరచుగా మరచిపోతుంటాయి.

కోరుట్లకు, ఆర్మూరుకు నడుమ జాతీయ రహదారిపై ఉన్న మెట్‌పల్లి ఖద్దరుకు పేరు పొందిన పట్టణం. 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ తరువాత జగిత్యాల జిల్లాలో చేరింది. ఇటువంటి ఉత్తర తెలంగాణ పట్టణాలలో ఇళ్ల మురుగు సాధారణంగా సెప్టిక్ ట్యాంకులకు, వీధి పక్క కాలువలకు చేరుతూ వచ్చింది. విశాలమైన పెరడు, పలుచని జనాభా ఉన్న రోజులలో ఆ నీటిని నేల ఇంకించుకొనేది. పొలాలు ప్లాట్లుగా మారి, గోడకు గోడ ఆనుకొని ఇళ్లు లేచిన చోట నేలకు ఆ శక్తి లేదు. పైగా ఈ ప్రాంతంలో పల్లమంటే చెరువే. కాకతీయుల కాలం నుండి వాన నీటిని చెరువులకు చేర్చిన వాలే నేడు మురుగును కూడ అక్కడికే చేరుస్తుంది. బతుకమ్మలను సాగనంపే నీటిలో అది కలవడం ఏ ఊరికీ శోభ కాదు.

దీనికి పరిష్కారం భూగర్భ మురుగునీటి వ్యవస్థ. అయితే గొట్టాలు పాతిపెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. మురుగులోని ఘనపదార్థం అడుగున పేరుకొనకుండ ఉండాలంటే నీరు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలి. ప్రవాహం స్వల్పంగా ఉండే వీధి చివరి గొట్టానికి ఈ వేగం రావాలంటే వేయి మీటర్ల దూరానికి ఆరు మీటర్ల వాలు కావలసి ఉంటుంది. నేల సమతలంగా ఉన్నచోట గొట్టం ముందుకు పోయిన కొద్దీ లోతుకు దిగిపోతుంది. అంత లోతున గట్టి రాతిని తొలచడం ఖర్చుతో కూడినది. తవ్వే కూలీలకు అపాయకరం కూడ. అందుచేత ఒక హద్దు దాటిన తరువాత మురుగును పైకి ఎత్తి, మళ్లీ తక్కువ లోతు నుండి ప్రయాణం మొదలుపెట్టించాలి. ఆ పని చేసేదే పంపింగ్ స్టేషన్.

దాని నిర్మాణం చూపులకు సాదాగానే ఉంటుంది. భూమిలో లోతైన బావి; బావికి ముందు గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు అడ్డగించే ఇనుప జల్లెడ; అడుగున మురుగులో మునిగి పనిచేసే పంపులు. నీటిమట్టం పెరగగానే తేలే మీట పైకి లేచి పంపును నడిపిస్తుంది, తగ్గగానే ఆపుతుంది. పంపు తోసిన మురుగు ఒత్తిడితో ఒక గొట్టంలో ఎగువకు పోతుంది. అది వెనుకకు జారకుండ ఒకవైపే తెరుచుకొనే వాల్వు ఉంటుంది. ఒక పంపు చెడిపోతే అందుకొనేందుకు మరొకటి సిద్ధంగా ఉండి తీరాలి.

పదివేల మంది నివసించే ఒక కొత్త కాలనీని ఊహించుకొంటే లెక్క సులభంగా తెలుస్తుంది. మనిషికి 135 లీటర్ల చొప్పున రోజుకు 13.5 లక్షల లీటర్లు వస్తే, అందులో 10.8 లక్షల లీటర్లు మురుగవుతుంది. సగటున సెకనుకు 12.5 లీటర్లు. కాని జనం సగటున స్నానం చేయరు. అందరూ ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్యనే చేస్తారు. చిన్న కాలనీలలో ఆ వేళ ప్రవాహం సగటుకు మూడు రెట్లు, అంటే సెకనుకు 37.5 లీటర్లు ఉంటుందని అంచనా వేస్తారు. బావిని మరీ పెద్దదిగా కట్టి నిలువ చేద్దామంటే కుదరదు. మురుగు అరగంటకు మించి నిలిస్తే కుళ్లి విషవాయువు పుట్టిస్తుంది. అరగంట సగటు ప్రవాహానికి సరిపోయే బావిలో పట్టేది 22,500 లీటర్లు. సరిగ్గా ఉదయం ఏడు గంటలకు కరెంటు పోతే ఖాళీ బావి సైతం పది నిమిషాలలో నిండుతుంది. పదకొండవ నిమిషం నుండి మురుగు గొట్టంలోనే వెనుకకు నిలిచి, అందరికంటె పల్లంలో ఉన్న ఇంటి మరుగుదొడ్డిలోకి పైకుబుకే ప్రమాదం ఉంటుంది. అందుకే జనరేటరు లేని పంపింగ్ స్టేషన్ సగం కట్టిన స్టేషనే. ఖర్చు తగ్గించుకొనే వేళ మొదట కొట్టివేతకు గురయ్యేది కూడ అదే కావడం విచిత్రం.

మహానగరాలు సైతం ఈ పాఠాన్ని ఆలస్యంగానే నేర్చాయి. 1858 వేసవిలో థేమ్స్ నది దుర్గంధం లండనులో పార్లమెంటునే కలవరపెట్టింది. ఆ పిమ్మట జోసెఫ్ బాజల్‌గెట్ నిర్మించిన గొట్టాల చివర, క్రాస్‌నెస్ వద్ద 1865లో నాలుగు ఆవిరి యంత్రాలు మురుగును ఎత్తిపోయసాగాయి. ఆ యంత్రాలకు విక్టోరియా రాణి కుటుంబీకుల పేర్లు పెట్టారు! హైదరాబాదులో 1908 నాటి మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగర మురుగుపారుదలకు ప్రణాళిక రచించారు. 1931లో మూసీ ఇరు గట్ల వెంట ప్రధాన గొట్టాల వ్యవస్థ ఏర్పడింది. నది వాలును అనుసరించినందున ఆ గొట్టాలలో మురుగు చాలవరకు తనంతట తానే పారింది. అయితే అది 4.68 లక్షల జనాభా కొరకు ఉద్దేశించినది. నగరం దానిని దాటి ఎన్నో రెట్లు పెరిగింది.

చిన్న పట్టణంలో వ్యవస్థ నిలిచిపోతే దాని భారం ఒక మనిషిపై పడుతుంది. జల్లెడ మూసుకుపోయినప్పుడు, పంపు బిగుసుకొన్నప్పుడు, బావిలోకో మ్యాన్‌హోల్‌లోకో దిగమని ఎవరినో పిలుస్తారు. అక్కడ నిలిచి ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. అధికమైతే వాసన పసిగట్టే శక్తినే హరిస్తుంది. దిగినవాడికి హెచ్చరిక అందదు. అతనిని కాపాడబోయి దిగిన రెండవవాడు, మూడవవాడు కూడ మరణించిన ఘటనలు దేశంలో అనేకం. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతంలో, పాకీపని చేసే కుటుంబంలో జన్మించిన బెజవాడ విల్సన్ ఈ దురాచారంపై దశాబ్దాలుగా పోరాడి 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకొన్నారు. రక్షణ సాధనాలు లేకుండ మనుషులను మురుగుగొట్టాలలోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించి, 2023 అక్టోబరులో దానిని ముప్పై లక్షలకు పెంచింది.

నిజానికి ఆ ప్రాణం దక్కడమో పోవడమో చాలావరకు నక్షా గీసిన నాడే నిర్ణయమవుతుంది. పంపును గొలుసుతో పైకి లాగి బయటనే బాగుచేసే వీలు, జల్లెడను పైనుండే శుభ్రపరిచే ఏర్పాటు, జెట్టింగ్ వాహనం వచ్చి నిలిచేంత దారి ఉంటే బావిలోకి మనిషి దిగవలసిన పని అరుదవుతుంది. వీటన్నింటికీ స్థలం కావాలి. అదీ కాలనీలోని పల్లపు మూలన, చెరువు శిఖానికి ఎడంగా కావాలి. లేఅవుట్ వేసేటప్పుడు పార్కుకు, బడికి స్థలం అడిగేవారు ఉంటారు. ఈ మూలను అడిగేవారు లేక అది కూడ ప్లాటై అమ్ముడుపోతుంది. పదేళ్లకు గొట్టాలు వేయవచ్చిన ఇంజనీరుకు అక్కడ రెండంతస్తుల ఇల్లు కనిపిస్తుంది.