జామకాయ, జొన్నరొట్టె: వంద గ్రాముల లెక్క

తార్నాకలో సాయంత్రం జామకాయల బండి దగ్గర నిలబడితే, కాయను నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారం అద్ది చేతిలో పెడతారు. ఓ మాదిరి కాయ 150 గ్రాములు తూగుతుంది. ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అక్కడికి కూతవేటు దూరం. మనం తినే 528 పదార్థాల్లో ఏమేం ఉన్నాయో పరీక్షించి, ఆ సంస్థ 2017లో పట్టికలు ప్రచురించింది. పండు మేలా, పొట్టు తీయని ధాన్యం మేలా అని అడిగేవాళ్లకు నేను చూపించేది ఆ అంకెలనే.

వంద గ్రాముల జొన్నల్లో సుమారు 334 కిలో క్యాలరీలు, 10 గ్రాముల ప్రోటీన్, 10 గ్రాముల పీచు, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. అంతే తూకం జామకాయలో 32 కిలో క్యాలరీలు, ఎనిమిదిన్నర గ్రాముల పీచు ఉంటే, ఇనుము 0.3 మిల్లీగ్రాములే. విటమిన్ సి మాత్రం 200 మిల్లీగ్రాములు దాటుతుంది. జొన్నల్లో అది లేనట్టే.

అయితే ఈ పోలికలో ఒక చిక్కుంది. ఎండు జొన్నల్లో నీరు పదో వంతుకు మించదు, జామలో 80 శాతం నీరే. అందుకే కంచంలోకి వచ్చేదాన్ని బట్టి లెక్క వేయాలి. ఒక రొట్టెకు 50 గ్రాముల పిండి పడితే పీచు 5 గ్రాములు, ఇనుము 2 మిల్లీగ్రాములు. బండి మీది ఒక్క జామకాయలో పీచు దాదాపు 13 గ్రాములు! పండ్లన్నీ ఇలా ఉండవు. అరటిపండు, ఆపిల్ వందకు రెండు మూడు గ్రాముల దగ్గరే ఆగిపోతాయి. పాలిష్ పట్టిన బియ్యమూ అంతే: పీచు 2.8 గ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు. ఈ సంస్థ పుట్టుక కూడా బియ్యంతో ముడిపడిందే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. పాలిష్‌లో తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడమే బెరిబెరికి మూలం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇనుము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రొట్టెలో ఇనుము ఉన్నా, గింజలోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచడంతో ఒంటికి పట్టేది కొంతే. విటమిన్ సి ఆ పట్టును సడలిస్తుంది. ఇదే సంస్థ పరిశోధకులు కౌమార వయసు పిల్లలకు అన్నంతో పాటు 100 గ్రాముల జామ పెట్టి చూశారు. ఒంటికి పట్టే ఇనుము ఇంచుమించు రెట్టింపైందని 2013లో వెల్లడించారు. ఇంత చవకైన వైద్యం మన వీధిలోనే ఉందని ప్రతి హాస్టల్ మెస్‌లోనూ చెప్పాలనిపిస్తుంది నాకు.

కాకపోతే రెండూ ఒకే పూట కడుపులో కలవాలి. సాయంత్రం ఆరింటికి బండి దగ్గర తిన్న జామ, రాత్రి తొమ్మిదింటి రొట్టెకు అందదు. భోజనం కాగానే తాగే టీ ఉన్న ఇనుమును కూడా అడ్డుకుంటుంది, దానికి ఓ గంట ఆగాలి. కాయను కోయించకుండా కొని సంచిలో వేసుకోండి. ముందే కోసి ఉంచితే గాలికి విటమిన్ సి తగ్గిపోతుంది. మెస్‌లో కంచం ముందు కూర్చున్నాక కోసుకుంటే చాలు.